పైపు దగ్గర ఆగిన గీత

సుగుణ ఉద్యోగం సముద్రం అడుగున ఉన్న పైపును చూడడం. చూడడమంటే నీళ్లలోకి దిగి కాదు. ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళ్తే, రొయ్యల చెరువులు అయిపోయి సరుగుడు తోటలు మొదలయ్యే చోట గ్యాసు టెర్మినల్ ఉంది. అందులో మేడ మీద, కిటికీ లేని గదిలో, రెండు కంప్యూటర్ల ముందు కూర్చుని చూస్తుంది.

ఏడాదికోసారి, తుపాను వచ్చిన ఏడాది రెండోసారి, సర్వే ఓడ వస్తుంది. ఓడలోంచి ఓ యంత్రాన్ని నీళ్లలోకి దింపుతారు. దానికి కెమెరాలుంటాయి, దీపాలుంటాయి, బురదనీళ్లలో కూడా శబ్దంతో బొమ్మ గీసే సోనార్ ఉంటుంది. అది ఒడ్డు నుంచి గ్యాసు బావుల దాకా ముప్పై ఒక్క కిలోమీటర్లూ పైపు వెంబడే వెళ్తుంది. అది తెచ్చిన వీడియోలూ అంకెలూ బొమ్మలూ సుగుణ బల్ల మీదికి చేరతాయి. పైపు కింద ఇసుక ఎక్కడ కొట్టుకుపోయింది, పైన పోసిన కాంక్రీటు తొడుగు ఎక్కడ పెచ్చులేచింది, లోపలి ఇనుముకు ఉప్పునీళ్లు ఎక్కడ తగులుతున్నాయి, ఇదంతా ఆవిడ చూసి రాయాలి. పంతొమ్మిదేళ్లుగా అదే పని.

ఆవిడ తండ్రి అబ్రహాము కపిలేశ్వరపురం దగ్గర ఏటిగట్టు మీద లస్కరుగా చేశాడు. గోదావరికి వరదొస్తే గట్టుకు కాపలా కాసేది లస్కర్లే. అందరూ ఏటి వైపు నిలబడి నీరెంత పెరిగిందో చూస్తుంటే, ఆయన చెప్పులు విడిచి ఊరి వైపు వాలులో నడిచేవాడు. పాదానికి మట్టి ఎక్కడైనా చల్లగా, మెత్తగా తగిలితే అక్కడ కర్ర పాతి, ఇసుక బస్తాల కోసం పరిగెత్తేవాడు. సుగుణ ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, అమలాపురంలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, ఈ ఉద్యోగంలో చేరిన రోజున ఆయన అడిగింది ఒక్కటే. "నువ్వు బాలేదని చెబితే ఇంటారా అక్కడ?"

వింటారనే చెప్పింది. నాలుగేళ్ల కిందటి దాకా విన్నారు కూడా. ఆ ఏడు ఆవిడ ఓ వీడియోలో పైపు మీద చీలికలాంటిది చూసి రిపోర్టు రాసింది. గ్యాసు తగ్గించారు, వెళ్లిపోయిన ఓడను వెనక్కి పిలిపించారు. తీరా చూస్తే అది పైపుకు చుట్టుకున్న పాత నైలాను తాడు. ఎవరూ తిట్టలేదు. కానీ ఆ తరవాత మీటింగుల్లో ఆవిడ నోరు విప్పగానే ఎవరో ఒకరు నవ్వు దాచుకోవడం మొదలుపెట్టారు.

ఈసారి తుపాను అక్టోబరు ఆఖర్లో తీరం దాటింది. నవంబరు మూడో వారంలో సర్వే ఓడ వచ్చి వెళ్లింది. ఓడవాళ్లు ఇచ్చిన రిపోర్టులో, ఒడ్డు నుంచి పది కిలోమీటర్ల దాకా నీళ్లు బురదగా ఉండి సరిగ్గా కనిపించలేదనీ, కనిపించినంతలో లోపాలేమీ లేవనీ రాసి ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం సుగుణ ఎనిమిదో కిలోమీటరు దాటింది. తెర నిండా పాలు కలపని టీ రంగు. అలా నిమిషాల తరబడి చూడగా చూడగా ఒకచోట ఆ రంగులో ఏదో తెల్లగా మెరిసి పోయింది. వెనక్కి తిప్పింది. రెండు సెకన్లు. అరచేయంత తెలుపు, దాని అంచు కోసినట్టు పదునుగా ఉంది. పైపుకు తుప్పు పట్టకుండా కాసే విద్యుత్ రక్షణ అంకెలు తీసింది. ముందూ వెనకా కిలోమీటర్ల కొద్దీ కదలకుండా నిలబడిన అంకె సరిగ్గా అక్కడ కిందికి దిగింది. కాంక్రీటూ, దాని కిందున్న పూతా పోయి, ఇనుము నీళ్లకు తగిలితేనే అలా దిగుతుంది.

అప్పుడు సోనార్ బొమ్మ తెరిచింది.

సముద్రపు అడుగు బూడిద రంగులో ఉంది. దాని మీద నైరుతి మూల నుంచి సన్నటి గీత ఒకటి వస్తోంది. నాగలి చాలులాగా, కొంచెం వంకరగా, దాదాపు రెండొందల మీటర్ల పొడవున. వచ్చి వచ్చి పైపు దగ్గర ఆగింది. పైపు అవతల ఏమీ లేదు. నున్నటి ఇసుక.

సుగుణ ఆ బొమ్మ ప్రింటు తీసుకుని మేనేజరు గదికి వెళ్లింది.

ఇన్‌స్పెక్షన్ విభాగానికి మేనేజరు సత్యప్రసాద్. పలివెల మనిషి, యాభై దాటాయి, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడడు. ఆయన బొమ్మను చాలాసేపు చూశాడు.

"వల గీతేమోనండి," అన్నాడు. "బోట్లవాళ్లు వలలు ఈడుస్తారు కదా."

"వలదైతే పైపు మీదుగా దాటిపోయి అవతల కూడా ఉండాలి సార్. ఇది ఆగిపోయింది. పెద్ద లంగరేదో ఈడ్చుకుంటూ వచ్చి పైపును పట్టుకుంది."

"అక్కడ పైపు ఇసుకలో మీటరున్నర లోతునుంది సుగుణగారూ. ఎలా పట్టుకుంటుంది?"

"డ్రాయింగులో మీటరున్నర. తుపాను తరవాత ఎంతుందో మనకి తెలీదండి."

"ప్రెజర్ ఎక్కడా తగ్గలేదు."

"చిల్లు పడితే తగ్గుతుంది సార్. సొట్ట పడితే తగ్గదు."

సత్యప్రసాద్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఏం చెప్పబోతోందో ఆయనకు తెలుసు. సొట్ట పడిన పైపు అదే ఒత్తిడిలో ఏళ్ల తరబడి నిలవొచ్చు. ఒత్తిడి పెంచితే మాత్రం సొట్ట లోపలి నుంచి పైకి లేస్తుంది. లంగరు గీరిన చోట ఇనుము అప్పటికే పలచబడి ఉంటే, లేచేటప్పుడు అక్కడే చీలుతుంది. సోమవారం పొద్దున్న ఆరింటికి రెండు కొత్త బావుల గ్యాసు ఈ పైపులో కలపబోతున్నారు. ఒత్తిడి అరవై రెండు బార్ల నుంచి ఎనభై నాలుగుకు పెరుగుతుంది. ఆర్నెల్లుగా అందరూ ఎదురుచూస్తున్న రోజు అది.

"మీరు చెప్పేది తప్పని నేననడం లేదండి," అన్నాడాయన. "కానీ మసక నీళ్లలో రెండు సెకన్ల తెలుపూ, ఓ గీతా పట్టుకెళ్లి సోమవారం ఆపమంటే హెడ్ ఆఫీసువాళ్లు మొట్టమొదట అడిగేది ఆ తాడు గురించే. మీకు తెలుసు."

"తెలుసండి."

"చేత్తో పట్టుకుని చూపించగలిగేది ఏదైనా తెండి. అప్పుడు నేను ఆపమంటాను. ఆ మాట ఇస్తున్నాను."

శనివారం సర్వే ఓడకు ఫోను చేసింది. అది విశాఖపట్నంలో ఉంది. డైవర్లను ఎక్కించుకుని రావాలంటే బుధవారం అవుతుందన్నారు. ఆ రెండు సెకన్లూ ఇంకో అరవైసార్లు చూసింది. చూసినకొద్దీ అనుమానం రెండు వైపులా పెరిగింది. ఒకసారి కాంక్రీటు విరిగిన అంచులా ఉంది. ఒకసారి ఆల్చిప్పల గుంపులా ఉంది. అంకె దిగడం ఒక్కటే అబద్ధం కాదు. కానీ ఆ యంత్రం తాలూకు తీగ వదులైనా అంకె దిగుతుంది. ఆ సంగతి తనకీ తెలుసు, హెడ్ ఆఫీసుకూ తెలుసు.

ఆవిడ ఇంటరు చదివే రోజుల్లో కోనసీమలో గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట వెలుగు ఎన్నో మైళ్ల దూరానికి కనిపించేది. ఇక్కడివాళ్లకు గ్యాసంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. సముద్రంలో అయితే మంటే అక్కర్లేదు. అడుగు నుంచి గ్యాసు పొంగితే నీరు నురగయిపోతుంది. నురగ బోటును మోయలేదు.

బోటు అనుకోగానే ఆవిడకు తట్టింది. ఆ సముద్రం అడుగు ఎలా ఉందో ఓడవాళ్లకన్నా, తనకన్నా బాగా తెలిసినవాళ్లు వల ఈడ్చేవాళ్లు.

ఆదివారం చర్చిలో వాక్యం చదవాల్సింది సుగుణే. పాస్టరుగారికి ఫోను చేసి రాలేనని చెప్పింది. భర్త ఫిలిప్ హైస్కూలు టీచరు. ఎందుకని అడగలేదు, స్కూటరు తీశాడు. తొమ్మిదింటికల్లా దిబ్బపాలెం చేరారు. సముద్రపొడ్డున డెబ్భై గడపల పల్లె.

వలలు బాగుచేసుకునే పాకలో పదిమంది దాకా ఉన్నారు. పైపు దగ్గర వల వెయ్యడం నిషేధం కాబట్టి సుగుణ మెడలో కార్డు ముందే తీసి సంచిలో పెట్టుకుంది. అయినా ఎవరో గుర్తుపట్టారు.

"కంపెనీ మేడమ్ గారండి," అన్నాడొకాయన పక్కాయనతో, ఆవిడకు వినపడేట్టే.

"తుపాను తరవాత సముద్రంలో ఎక్కడైనా వలలు కొత్తగా పట్టేస్తున్నాయేమో అడుగుదామని వచ్చానండి," అంది సుగుణ. "పైపు దగ్గర్లో."

"పైపు కాడికి మేమెందుకెల్తామండి?"

"ఎల్లమండి."

"ఆయ్, అటేపే ఎల్లం."

అంతే. సూదులు మళ్లీ వలల్లోకి దిగాయి. ఒక్క తల కూడా పైకి లేవలేదు. సుగుణ అక్కడే నిలబడింది. ఏం చెబితే తలలు లేస్తాయో తెలియలేదు. ఫిలిప్ చెయ్యి మెల్లగా తాకి, పదమన్నట్టు చూశాడు.

స్కూటరు దగ్గరికి వస్తుంటే వెనక నుంచి ఆడగొంతు వినిపించింది. "మేస్టారండీ! మీరేంటండి ఇలాగొచ్చేరు?"

వీరదుర్గ అనే ఆవిడ. చేపలు ఎండేస్తోంది. ఆవిడ కూతురు పదో తరగతి ఫిలిప్ దగ్గర చదివింది. మంచినీళ్లయినా తాగకుండా వెళ్తే ఒప్పుకోనని ఇద్దర్నీ వాకిట్లోకి తీసుకెళ్లి కుర్చీలు వేసింది. నీళ్ల గ్లాసు అందుకుంటూ సుగుణ వాకిలి మూలకు చూసింది. అక్కడ ఎండుచేపల గుట్ట మీద నీలం టార్పాలిన్ కప్పి ఉంది. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టారు. మూడు ఇటుకలు. నాలుగోది ఇటుక కాదు.

గ్లాసు కింద పెట్టి వెళ్లి కూర్చుంది. జానెడున్నర పొడవు కాంక్రీటు పెళ్ల. ఎత్తబోతే పరిమాణానికి మించిన బరువు. విరిగిన చోట ఎర్రనలుపు రంగు. మామూలు కంకర కాదు, పైపు నీళ్లలో తేలకుండా బరువు కోసం ఇనుప రాయి కలిపిన కాంక్రీటు. అందులోంచి తీగ వల పొడుచుకొచ్చి ఉంది. తిరగేసింది. లోపలి వైపు నున్నగా వంపు తిరిగి, నల్లటి పూత పెచ్చు ఇంకా అంటుకునే ఉంది.

"ఇదెక్కడిదమ్మా?"

"ఒడ్డున దొరికిందండి," అంది వీరదుర్గ వెంటనే.

"ఒడ్డుకు కొట్టుకొచ్చినదైతే అంచులు అరిగిపోవాలి. ఇవి ఇంకా చెయ్యి కోస్తున్నాయి."

ఇంట్లోంచి ఆవిడ భర్త రాఘవులు వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు. పెళ్లను చూశాడు, సుగుణను చూశాడు.

"మేడమ్ గారండీ, అదక్కడ పెట్టేసి ఎల్లిపోండి," అన్నాడు. గొంతులో కోపం లేదు, భయముంది. "మా బామ్మర్ది పైపు మీద లంగరేసేడని కేసెట్టేరండి. ఆడి బోటు నాలుగు నెలలు టేసను కాడ ఎండకెండి పగిలిపోయింది. నా పేరొస్తే నాకూ అంతేనండి."

"ఏ రోజు దొరికింది? అదొక్కటి చెప్పండి."

"నాకేం తెలీదండి."

సుగుణ లేచి ఆయన ఎదురుగా నిలబడింది. "రేపు పొద్దున్న ఆరింటికి ఆ పైపులో గ్యాసు పెంచుతారు. పైపు దెబ్బతిందని నా అనుమానం. నా అనుమానం ఎవరూ నమ్మడం లేదు. రేపు ఆరింటికి మీ బోట్లు ఎక్కడుంటాయండి?"

రాఘవులు సముద్రం వైపు తల తిప్పాడు.

"ఎక్కడుంటాయేటండి," అంది వీరదుర్గ. మొగుడి వైపు తిరిగింది. "అక్కడే ఉంటాయి. ఈయనా, మా మరిదీ, ఆ పాకలో కూకున్నోళ్లందరూ అక్కడే ఉంటారు. చెప్పవేం?"

"మీ పేరు నేను కాగితం మీద రాయను," అంది సుగుణ.

"మిమ్మల్నడిగితేనో?"

"అడిగినా చెప్పను."

రాఘవులు ఫిలిప్ వైపు చూశాడు. ఫిలిప్ తల ఊపాడు. అప్పుడు లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన జీపీఎస్ పట్టుకొచ్చాడు. వల పట్టేసిన చోటల్లా మళ్లీ అటు పోకుండా అందులో గుర్తు పెట్టుకుంటాడు. తెర మీద వరసగా అంకెలున్నాయి. వేలితో కిందికి జరిపి ఒకచోట ఆపాడు.

"తుపాను ఎల్లిన ఎనిమిదో నాడండి. పదేళ్లుగా ఆ నీళ్లలో వల ఈడుస్తన్నాను, ఎప్పుడూ పట్టలేదు. ఆ రోజు గోడకి తగిలినట్టు ఆగిపోయింది. బోటు వెనక్కి లాగేసిందండి. వల సగం చిరిగి పైకొచ్చింది, అందులో ఈ ముక్క. అంతకి రెండ్రోజుల ముందు ఆ కాడ సరుకులు మోసే పెద్ద బార్జీ ఒకటి లంగరేసి ఉంది. పొద్దున్న ఒకచోటుంది. సాయంత్రానికి ఈశాన్యానికి జరిగిపోయింది. మర్నాటికి లేదు."

సుగుణ ఆ అంకెలు నోటుబుక్కులో రాసుకుంది. సంచిలోంచి, సోనార్ గీత ఆగిన చోటు అంకెలున్న తన కాగితం తీసి పక్కన పెట్టింది. రెండు చోట్లకూ మధ్య నలభై మీటర్ల కన్నా ఎక్కువ లేదు.

సత్యప్రసాద్ ఇల్లు అమలాపురంలో. వీళ్లు వెళ్లేసరికి చుట్టాలు భోజనాలు చేస్తున్నారు. ఆయన ఎంగిలి చేత్తోనే వరండాలోకి వచ్చాడు. సుగుణ సంచిలోంచి పెళ్ల తీసి టీపాయి మీద పెట్టింది. ఆయన చెయ్యి కడుక్కొచ్చి దాన్ని తిప్పి చూశాడు. వంపు మీద బొటనవేలితో రాశాడు. నల్లటి పూత గోరుకు అంటింది.

"ఎవరిచ్చారు?"

"చెప్పనని మాటిచ్చానండి."

"వాళ్లడుగుతారు."

"అడగనివ్వండి."

ఆయన ఫోను తీసుకుని వరండా చివరికి వెళ్లాడు. నలభై నిమిషాలు. సుగుణకు ఒకవైపు మాటలే వినిపించాయి. "లేదు సార్, తాడు కాదు సార్." అటు నడిచాడు. "నా చేతిలో ఉంది సార్, ఫొటో పంపాను." ఇటు తిరిగాడు. "బుధవారం దాకా. డైవర్లు చూసేదాకా." చాలాసేపు అవతలివాళ్లే మాట్లాడారు. ఆయన మెడ వెనక చెమట కారుతోంది. చివరికి అన్నాడు. "అయితే నా బాధ్యత మీదే ఆపుతున్నానని రాసుకోండి సార్."

సోమవారం ఆరింటికి సుగుణ కంట్రోల్ రూములో ఉంది. కొత్త బావులు తెరవలేదు. పైపులో ఒత్తిడి ఇంకా దించి యాభై దగ్గర నిలబెట్టారు. ఏడింటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. గ్యాసు తగ్గిందేమని కరెంటు ప్లాంటువాళ్లు, ఎప్పుడు పెంచుతారని హెడ్ ఆఫీసువాళ్లు. కంట్రోల్ రూములో ఎవరో "మళ్లీ తాడేనేమో" అన్నారు. ఈసారి ఎవరూ నవ్వు దాచుకోలేదు, పైకే నవ్వారు.

ఆ రెండు రోజులూ ఆవిడకు అన్నం సయించలేదు. పెళ్ల విరిగినంత మాత్రాన పైపు సొట్టపోవాలని లేదు. కాంక్రీటు మాత్రమే ఊడి, లోపల ఇనుము నిక్షేపంగా ఉండొచ్చు. అలా ఉంటే బాగుండునని ఒక మనసు, అలా ఉంటే ఇక తన మాట ఎవరూ వినరని ఒక మనసు. సొట్ట ఉండాలని తాను కోరుకుంటున్నానేమోనని భయమేసి, ఆ భయం ఫిలిప్‌కు కూడా చెప్పలేదు.

బుధవారం పదింటికి డైవరు నీళ్లలో దిగాడు. పద్నాలుగు మీటర్ల లోతు. అడుగున కంటి ముందు చెయ్యి పెట్టుకున్నా కనిపించనంత బురద. ఓడ మీది రేడియోను టెర్మినల్‌కు కలిపారు. గదిలో ఏడుగురు నిలబడ్డారు. స్పీకర్లోంచి డైవరు ఊపిరి వినిపిస్తోంది.

"పైపు తగిలింది. ఇసుకలో లేదు, బయటే ఉంది. ఎడమవైపు జరుగుతున్నాను."

ఊపిరి. ఊపిరి.

"పైపు కింద ఖాళీ. చెయ్యి అటునుంచి ఇటు వస్తోంది."

సత్యప్రసాద్ మైకు అందుకున్నాడు. "ఖాళీ ఎంత పొడవు?"

"కొలుస్తున్నా." చాలాసేపటికి, "పద్దెనిమిది మీటర్లు. ఇక్కడ కాంక్రీటు లేదు. ఇనుమే."

సుగుణ కుర్చీ వీపును పట్టుకుంది.

"సొట్ట ఉంది," అన్నాడు డైవరు. "అరచెయ్యి పెడితే మణికట్టు దాకా దిగుతోంది. మధ్యలో గీత ఉంది. పొడుగ్గా. గోరు దిగుతోంది."

సత్యప్రసాద్ మైకును నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"బుడగలేమైనా తగులుతున్నాయా?" అడిగాడు సత్యప్రసాద్.

"లేవు." ఊపిరి ఆగింది. "ఆగండి."

స్పీకర్లో గురగురమని చప్పుడు. సుగుణ కళ్లు ఒత్తిడి అంకె మీదే ఉన్నాయి. యాభై. యాభై. నలభై తొమ్మిది పాయింటు తొమ్మిది. యాభై.

"లేవు. నేను వదిలిన గాలే. నా చేతికేం తగలడం లేదు."

"పైకి వచ్చేయండి," అంది సుగుణ. మైకు తన చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఆవిడకు తెలియదు. "ఇంక ముట్టుకోవద్దు. పైకి వచ్చేయండి బాబూ."

ఆ మధ్యాహ్నమే పైపు మూసేశారు. ఇరవై మూడు రోజులు గ్యాసు రాలేదు. సొట్ట చుట్టూ ఉక్కు పట్టీ బిగించి, కింద ఖాళీలో కాంక్రీటు బస్తాలు పేర్చి, తక్కువ ఒత్తిడితో మళ్లీ మొదలుపెట్టారు. మార్చిలో సముద్రం నెమ్మదించాక ఆ ముక్కను కోసి తీసి కొత్తది వేశారు. కోసిన ముక్కను పరీక్షకు పంపితే, గీత అడుగున చీలిక లోపలికి పాకి ఉందనీ, ఇంకా చీలకుండా మిగిలిన ఇనుము మూడు మిల్లీమీటర్లేననీ తేలింది. ఎనభై నాలుగు దాకా పెంచి ఉంటే ఎంతసేపు నిలిచేదో రిపోర్టులో రాయలేదు. సుగుణ లెక్క వేసి చూసుకుని, ఆ కాగితం చింపేసింది.

అయితే అది మార్చి సంగతి. జనవరిలోనే హెడ్ ఆఫీసు నుంచి ఇద్దరు విచారణకు వచ్చారు. బార్జీ ఎవరిదో వాళ్లు తేల్చుకోవాలి. దానికి సాక్షి కావాలి. పెళ్ల ఇచ్చిన మనిషి ఎవరని అడిగారు.

"స్థానిక మత్స్యకారుడని రాశానండి," అంది సుగుణ.

"పేరు?"

"చెప్పలేనండి."

"నిషిద్ధ ప్రాంతంలో వల వేసినవాణ్ని మీరు దాస్తున్నారు. మీకర్థమవుతోందా?"

"ఆయన వల వెయ్యకపోతే మీకిది తెలిసేదే కాదండి."

బయటికొచ్చాక సత్యప్రసాద్ మెల్లగా అన్నాడు. "చెప్పేయండి సుగుణగారూ. అతన్నేం చెయ్యరు."

"ఏం చెయ్యమని కాగితం మీద రాసిమ్మనండి సార్. అప్పుడు వెళ్లి అతన్నే అడుగుతాను."

ఆయన అడిగాడు. వాళ్లు రాసివ్వలేదు. విచారణకు సహకరించలేదని సుగుణకు మెమో వచ్చింది. పంతొమ్మిదేళ్లలో మొదటిది. ఆ ఏడాది ప్రమోషన్ల జాబితాలో ఆవిడ పేరు లేదు. పైపును కాపాడినందుకు మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరంలో విభాగం పేరు మాత్రమే ఉంది. ఆ మెమో, ఈ ఉత్తరం ఒకే వారంలో వచ్చాయి.

ఫిబ్రవరి మొదట్లో ఓ పూట గేటు నుంచి సెక్యూరిటీ ఫోను చేశాడు. "మేడమ్, మీకోసం ఎవరో వచ్చేరండి. భార్యాభర్తలు."

కిందికి వెళ్లేసరికి రాఘవులూ వీరదుర్గా గేటు ముందు ఎండలో నిలబడి ఉన్నారు. పైన కెమెరా తిరుగుతోంది. సుగుణ గబగబా వాళ్ల దగ్గరికి నడిచింది.

"ఇక్కడికెందుకొచ్చారండీ? కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదా. అందరూ చూస్తారు."

"చూడనివ్వండి," అంది వీరదుర్గ. "మీకేదో కాగితం ఇచ్చేరంట కదండి. మేస్టారు చెప్పలేదులెండి, మీ కంపెనీ జీపు డ్రైవరు చెప్పేడు. పల్లెలో అందరం కూకుని మాట్లాడుకునే వచ్చేం."

రాఘవులు చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. నోటుబుక్కులోంచి చింపినది. బాల్‌పెన్నుతో, అంకెలు ఒక్కోటి దిద్ది దిద్ది రాసి ఉన్నాయి.

"ఇయి మా బోటొక్కదానియే కాదండి. పల్లెలో అందరి జీపీఎస్‌లూ చూసి రాసేం. తుపాను తరవాత కొత్తగా వల పట్టేసిన చోట్లు, ఆ మొదటిది కాక ఇంకో మూడున్నాయండి."

సుగుణ అక్కడే గేటు పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఫోనులో పైపు మ్యాపు తెరిచింది. మొదటి అంకె కొట్టింది. పైపుకు ఆరు కిలోమీటర్ల దూరం. ఏదో మునిగిన బోటు అయ్యుంటుంది. రెండోది ఇంకా దూరం. ఊపిరి వదిలింది.

మూడోది కొట్టింది. ఎర్రటి చుక్క పన్నెండో కిలోమీటరు దాటాక, పైపు గీత మీదే వచ్చి కూర్చుంది. అంటే అక్కడ కూడా పైపు ఇసుకలోంచి బయటపడింది.

"ఇదెప్పుడు పట్టిందండి?"

"మొన్న మంగళవారవండి."

ఆవిడ లేచింది. "మీరిద్దరూ లోపలికి రండి," అంది. సెక్యూరిటీవాడు రిజిస్టరు తెరిచి పెన్ను చాపాడు. రాఘవులు ఆవిడ వైపు చూసి, పెన్ను తీసుకుని తన పేరు రాశాడు. సుగుణ అప్పటికే సత్యప్రసాద్‌కు ఫోను కలిపింది.